కూర్చొనుటకు 32

ఆ పెట్టె బల్లలు పీకింది నేనే.
నౌపడ షెడ్డులో, ఆషాఢం ముసురులో
మూడు రోజులు పట్టింది.
పాత టేకు. మేకు పట్టు వదల్లేదు.
ఒక్కో బల్ల సందులో ఏదో ఒకటి దొరికేది:
ఎండిన తమలపాకు, గాజు ముక్క,
అర్ధణా టిక్కెట్టు,
కాగితంలో చుట్టిన పాలపన్ను
ఏ పెంకుటింటి మీదకి విసరాల్సిందో.

ఇకమీదట ఇది మనుషుల్ని మొయ్యదని తాకీదు.
జాకీలు, గొలుసులు, మోకులు, దుంగలు,
కిరసనాయిలు పొయ్యి ఒకటి, ఖలాసీలం నలుగురం.
పట్టాలు దిగిన బండిని
మళ్లీ ఎక్కించే పెట్టెట.
"మరి మనం మనుషులం కామా?" అని
దండాసి అడిగినాడు గానీ
పట్నాయక్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

బయటంతా ఎర్రరంగు పూసినాము.
లోపల, తలుపు నెత్తిన
తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్న
"కూర్చొనుటకు 32" మీదకి
నా కుంచె పోలేదు.
రంగు చాల్లేదని చెప్పినాను.

పద్దెనిమిదేళ్లు.
చిన్న గేజి బండి,
దూడ కాలు జారినట్టు జారేది.
కాశీనగరం దాటినాక గట్టు కుంగితే వెళ్లినాము,
గేదె అడ్డమొస్తే వెళ్లినాము.
వంశధార పొంగిన ఏడు
మోకాటి లోతు నీళ్లలో దుంగ మీద దుంగ పేర్చి
ఇంజనుని అంగుళం అంగుళం లేపినాము.
జాకీ పిడి తిప్పి తిప్పి
అరచేతుల్లో కాసిన కాయలు
ఇప్పటికీ అన్నం కలిపినప్పుడు తెలుస్తాయి.

ఒక రాత్రి గుణుపురం నుంచి దిగుతున్నాము.
దీపం లేని హాల్టులో ఇంజను ఊపిరి తీసుకోవడానికి ఆగింది.
తలుపు తోసుకుని సవర ముసలమ్మ ఎక్కింది,
నెత్తిన అనాసపళ్ల గంప.
అటూ ఇటూ చూసింది.
బల్లల్లేవు, జనం లేరు.
వెళ్లి జాకీ పెట్టె మీద కూర్చుంది,
కిటికీ పక్కన,
సరిగ్గా బల్ల ఉండే చోట.
ఆమె నడుముకి ఆ చోటు గుర్తు.

"ఇది పేసింజరు కాదమ్మా" అన్నాడు దండాసి.
"నడుస్తాది కదా?" అంది.
దానికి జవాబు రూలు పుస్తకంలో లేదు.

పేరు సుంబారి అట.
తెల్లారకముందే పర్లాకిమిడి సంత చేరాలట.
కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల చాపింది.
వద్దన్నాము.
"ఊరికే ఎక్కితే ఊరికే దింపేస్తారు, పట్టండి" అంది.
పట్నాయక్ గారు పట్టినారు.
రిపోర్టు పుస్తకంలో, జాకీల లెక్క కింద,
గుండ్రటి ఒడియా అక్షరాల్లో రాసినారు:
ప్రయాణికులు, ఒకరు.
పైవాళ్లు అడిగితే ఏం చెప్పినారో నాకు తెలీదు.
గ్రీజు కంపులో అనాస వాసన మాత్రం
చాన్నాళ్లు ఉండిపోయింది.

తర్వాత పెద్ద గేజి వస్తాదన్నారు.
పెట్టెని పర్లాకిమిడి యార్డు చివర నిలిపి
చక్రాలకి రాళ్లు పెట్టి
దాన్నే ఆఫీసు చేసినారు.
నౌపడలో మూలపడున్న ఆ బల్లచెక్కలే తెప్పించి
మేజా కొట్టమన్నారు నన్ను.
మేజా మీద కొత్తదారి నక్షా పరిచినారు.
ఈ పెట్టె నిలబడ్డ పట్టాలు కూడా
ఎక్కడినుంచి పీకాలో
ఎర్ర పెన్సిలు గీత ఉంది అందులో.
పెట్టె కిమ్మనలేదు.
వాన పడ్డ రోజు
ఆ గీత మీద మూడు చుక్కలు కార్చింది, అంతే.
కప్పుకి తారు పొయ్యమన్నారు. పోసినాను.

మొన్న పింఛను కాగితం పని మీద వెళ్లి
తలుపు లాగి చూసినాను.
సున్నం బస్తాలు, చిరిగిన పచ్చజెండాలు.
తలుపు నెత్తిన 3 రాలిపోయింది.
కూర్చొనుటకు 2 అని మిగిలింది.
కిటికీ పక్కనున్న బస్తా మీద కూర్చున్నాను.

"తాతా, అది నడవదు"
బయటినుంచి పోర్టరు కుర్రాడు.

నేను జేబులో చిల్లర తడుముకుంటున్నాను.